బిందె లాక్కున్నాక

కామాటిపురాలో మేముండే చాల్‌లో, అంటే వరస గదుల పాత మేడలో, నీళ్ళు తెల్లవారి ఐదింటికి వస్తాయి, అదీ కింది నల్లాకే. పైవాళ్ళు మోసుకోవాలి. మాది మూడో అంతస్తు, యాభై నాలుగు చెక్క మెట్లు. మా అమ్మ డెబ్బై దాటాక కూడా రోజూ ఆరు బిందెలు పైకి తెచ్చేది. అంతకుముందు ముప్పై ఏళ్ళు నెత్తిన సిమెంటు తట్ట మోసిన మనిషి. పాలమూరు నుంచి కాపురానికి వచ్చిన వారానికే పనిలోకి దిగిందట. ఈ బొంబాయిలో ఆమె మోసిన మాలుతో ఎన్ని మేడలు లేచాయో లెక్కలేదు. వాటిలో ఏ ఒక్కదాని లిఫ్టూ ఆమె ఎక్కలేదు. నేను మాత్రం ఫోర్టు ఏరియాలోని ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు నడుపుతాను. రోజంతా స్టూలు మీద కూర్చుని మీటలు నొక్కడం నా ఉద్యోగం.

కూలికి వచ్చినవాళ్ళ ఇళ్ళలో పరువుకు ఒకటే కొలత. ముసలివాళ్ళు బరువు ఎత్తకూడదు. ఫాక్‌లాండ్ రోడ్డులో టీ తాగుతుంటే మా ఊరివాడొకడు నలుగురి ముందూ అడిగాడు. "ఏందిరా, మీయమ్మ ఇంకా బిందెలు మోస్తున్నదా?" నాకు తల కొట్టేసినట్టయింది. నెల తిరక్కుండా నీళ్ళు పైకెక్కేలా మోటారు పెట్టించాను, మా ఒంటిగది ఖోలీ బయట డ్రమ్ము నిలబెట్టాను.

"ఇగ నువ్వు లేవొద్దు. బిందె ముట్టుకున్నవంటే నామీద ఒట్టే" అన్నాను అమ్మతో.

"కూసుంటే కాళ్ళు వడిపోతయి బిడ్డా."

"మస్తు మోసినవ్. ఇగ ఆరాం జెయ్యి."

అయినా ఐదు కాగానే లేచి, బిందె చంకన పెట్టుకుని మెట్ల దగ్గర నిలబడేది. పది రోజులు వరసగా లాక్కున్నాను. పదకొండో రోజు గదుల ముందున్న గ్యాలరీలో అందరూ తలుపులు తీసి చూసేంత గట్టిగా అరిచాను. మర్నాటి నుంచి ఆమె లేవలేదు. నేను గెలిచాననుకున్నాను.

అమ్మ ఒళ్ళు చేసింది. నా భార్య ఆమె జాకెట్ల కుట్లు రెండుసార్లు విప్పింది. పక్క ఖోలీ ఆవిడ వచ్చి, "మంచిగ నిగనిగలాడుతున్నవ్ వదినా! కొడుకు రాణి లెక్క సూస్కుంటుండు" అంటే నేను లోపల ఉబ్బిపోయాను. ఎంత సిగ్గుమాలిన మురిపెం! కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. మా ఇంట్లో కొండ కరగలేదు, పెరిగింది. రెండేళ్ళు తిరిగేసరికి గ్యాలరీ చివరున్న దొడ్డికి పోవాలన్నా ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చింది.

ఆ తర్వాత మతిమరుపు. తిన్న గంటకే "నాకు బువ్వ వెట్టలే" అని కేకలు. మా అమ్మాయి ఇంట్లో మరాఠీలోనే మాట్లాడుతుంది. ఒకరోజు దాన్ని చూపించి, "గా మరాఠోళ్ళ పిల్ల మనింట్ల ఎందుకున్నది?" అని అడిగింది. ఎకసెక్కం అనుకుని అందరం పగలబడి నవ్వాం. నెల తర్వాత మళ్ళీ అదే అడిగింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ హిందీలో చెప్పింది. బరువు తగ్గించాలి, రోజూ నడిపించాలి, ఒళ్ళు కదిలితే మెదడుకూ మంచిదే అని. నేను కూర్చోబెట్టినందుకే ఇలా అయిందా అని అడిగాను. "అలా చెప్పలేం. వయసు కూడా ఉంది కదా. కానీ కదులుతూ ఉండి ఉంటే మేలే" అంది. ముందు మాటలు పట్టుకుని నేను బతకవచ్చు. నాకు ఆ "కానీ" ఒక్కటే గుర్తుంది.

నడిపించాలట! ఎక్కడ నడిపించాలి? గ్యాలరీ నిండా బట్టల తీగలు, సిలిండర్లు, డ్రమ్ములు. అందులో ఒక డ్రమ్ము నాదే. సందులోకి దిగితే బండ్లు. కామాటిపురాలో మా అమ్మకున్న కసరత్తు ఆ మెట్లే. వాటినీ పరువు కోసం నేనే మూసేశాను.

మొన్న ఆదివారం అటక మీద నుంచి పాత బిందె దించాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, నాకు తెలుసు. అయినా మెరిసేలా తోమి, ఖాళీదే ఆమె ముందు పెట్టాను. అమ్మ నన్ను పేరు పెట్టి పిలిచి అప్పటికి చాలా రోజులైంది.

"అమ్మా, నల్లా వచ్చింది. లే, గ్యాలరీ చివరిదాకా పోయొద్దాం."

ఆమె బిందె వైపు చూసింది. మెల్లగా చేయి చాపి దాని మెడ పట్టుకుంది. నాకు ప్రాణం లేచొచ్చింది. రెక్క పట్టుకుని లేపబోయాను. ఆమె చటుక్కున చేయి వెనక్కి లాక్కుని, భయంగా తలుపు వైపు చూసి, గొంతు తగ్గించింది.

"వద్దు తమ్మీ. నా కొడుకు లేవొద్దన్నడు. లేస్తే లొల్లి జేస్తడు. డ్యూటీకి వోయిండు, వచ్చే యాళ్ళయింది. నువ్వు గా బిందె ఆడ వెట్టి పో."