ఆటస్థలానికి పెళ్లిచూపులు

చుట్టాలొస్తున్నారంటే ముందు చీపురందుకునే రకమా మీరు? అయితే ఇలా కూర్చుని వినండి. ఒక్క చీపురుతో ఉయ్యాలలు, జారుడుబండ, రంగులరాట్నం అన్నీ మా సందులోంచి ఊడ్చి అవతల పారేసిన ఘనురాలిని నేను.

మాది పోర్ట్ బ్లెయిర్‌లో గోల్ ఘర్. ఇల్లు ఎత్తు మీద. మా సందు చివర ఎవరికీ చెందని ఖాళీ జాగా ఒకటుండేది. దాని నిండా తుప్పలు, పగిలిన సీసాలు, నడుమ అడుగు ఊడిపోయిన పాత డింగీ పడవ. అందుకని పిల్లలు రోడ్డు మీదే ఆడేవారు. ఒక సాయంత్రం మా బుజ్జి, అప్పటికి ఏడేళ్లది, బంతి వెంట పరిగెడుతుంటే ఒక ఆటో దాని గౌను అంచును రాసుకుంటూ పోయింది. పిల్లకు మోకాలు చీరుకుంది. నాకు ఆ రోజు నుంచి నిద్ర లేదు.

పక్కింటి మేరీ వదిన చర్చిలో ఒక కబురు విని వచ్చింది. పిల్లలు ఆడుకోడానికి చోటు లేని వాడలకు మెయిన్‌లాండ్ సంస్థ ఒకటి గ్రాంటు ఇస్తుందట. నా చదువు ఐదో తరగతిలోనే ఆగింది కాబట్టి అర్జీ ఆవిడే రాసింది.

"ఇప్పుడక్కడ ఆడుకోడానికి ఏటుందని అడిగేరు. ఏటి రాయను?"

"ఏటుంది వదినా, డింగీ ఉంది, అందులో పాముంది. ఏటీ నేదని రాసెయ్."

అర్జీ వెళ్లింది మొదలు నేను నేల మీద లేను. మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుంటే ఎదురుగా సముద్రం, దాని మీద నిద్రపోతున్నట్టు ఎండ, వాటి నడుమ నా ఉయ్యాల. అది ఊగి ఊగి, రేవు వదిలిన షిప్పు దాకా పోయేది. బుజ్జి కాలి వేళ్లతో షిప్పు పొగను చెరిపేసి తిరిగొచ్చేది. జారుడుబండ మీద నుంచి పిల్లలు మెల్లగా మబ్బుల్లోకి జారేవారు. ఈలోగా పొయ్యి మీద పప్పు బొగ్గయ్యేది.

"ఈ పూట కూడా నీ కలే కలుపుకు తినాలా?" అనేవాడు మా ఆయన.

ఒకరోజు మేరీ వదిన ఫోను పట్టుకుని వచ్చింది. "ఎల్లుండి జాగా సూడ్డానికి మేడమ్ వత్తాదంట."

చూడ్డానికి మనిషి వస్తుందంటే నా లెక్కలో అది పెళ్లిచూపులే. తల దువ్వకుండా పిల్లను ఎవరైనా కూర్చోబెడతారా, మీరే చెప్పండి.

"ఉన్నదున్నట్టు సూడనీ," అంది వదిన.

"ఆ కచ్రా సూత్తే మనల్ని ఏటనుకుంటాది? పరువుండొద్దా?"

తెల్లారగానే సందులో ఆడవాళ్లందరినీ పోగేశాను. తుప్పలు, సీసాలు, డింగీతో సహా అన్నీ పల్లంలోకి తోసేశాం. ఆ పల్లంలోనే కింది సందువాళ్ల ఖాళీ జాగా ఉంది. అక్కడుండే మా తోటికోడలు పైడమ్మ గుమ్మంలోకి వచ్చింది.

"ఏటక్కా, మీ సెత్తంతా మా కాడ పోత్తన్నావు?"

"నాలుగు రోజులే. గ్రాంటొచ్చేక తీయించేత్తాను. మీ పిల్లలూ వచ్చి ఆడుకోవచ్చులే," అన్నాను, దీవులన్నీ నావే అన్నట్టు.

ఆ తరవాత అలంకారం. మా ఆయన తెచ్చిన పాత షిప్పు తాడుతో బాదం చెట్టుకు ఉయ్యాల కట్టాం. చిరిగిన వలతో ఊయల, టైర్లకు రంగు, ముగ్గుపిండితో తొక్కుడుబిళ్ల గళ్లు. పిల్లలకు పండగ బట్టలు.

మేడమ్ వచ్చింది. గారెలు తింది, చాయ్ తాగింది, కళ్లు మూసుకుని ఉయ్యాల కూడా ఊగింది. ఇంక గ్రాంటు మాదే అనుకున్నాను.

"బహుత్ సుందర్ హై దీదీ. ఈ ఉయ్యాల ఎప్పట్నుంచి ఉంది?" అని హిందీలో అడిగింది.

"హమేషా సే," అన్నాను, మా తాతలనాటి నుంచీ ఉన్నదే అన్నట్టు.

మేరీ వదిన నా కాలు తొక్కింది. తొక్కుడుబిళ్ల ఆడుతోంది కాబోలనుకున్నాను.

"పిల్లలు రోజూ ఇక్కడే ఆడతారా?"

"రోజూ. రోడ్డు మొహమే చూడరు."

మేడమ్ కాగితం తిరగేసింది. "అర్జీలో ఇక్కడ ఏమీ లేదని రాశారే?"

"గొప్పలు చెప్పుకోవడం మాకు అలవాటు లేదు మేడమ్."

ఆవిడ రెండు చేతులూ జోడించింది. "దీదీ, మీ పిల్లలు అదృష్టవంతులు. ఇలాంటి చోటు లేని పిల్లలెవరైనా ఉన్నారేమో వెతుక్కుంటాను."

ఆవిడ జీపు దిగువకు పోయి, మలుపులో ఆగింది. పైనుంచి అందరం చూస్తున్నాం. ఆవిడ మా డింగీ ముందు నిలబడింది. మా సీసాలు చూసింది. చెంప మీద చెయ్యి వేసుకుంది. తరవాత ఫోటోలు తీసింది.

మా తాడు ఉయ్యాల మొదటి వానకే తెగింది. పిల్లలు మళ్లీ రోడ్డెక్కారు. కొన్నాళ్లకు షిప్పులో ఉయ్యాలలు, జారుడుబండ, రంగులరాట్నం వచ్చాయి. కింది సందుకి.

వాటిని పాతే ముందు జాగా బాగుచేయాలి కదా. పైడమ్మ మా గుమ్మంలోకి వచ్చింది.

"అక్కా, నాలుగు రోజులన్నావు. మరి తీయించుకో."

పల్లంలోకి తోసినప్పుడు తేలిగ్గా పోయిన డింగీ, ఎగువకు లాగుతుంటే షిప్పంత బరువైంది. ఇప్పటికీ మా జాగాలోనే ఉంది. మళ్లీ పాము కూడా చేరింది.

ప్రారంభం నాడు పైడమ్మ అందరి ముందూ, "ఇదంతా మా అక్క సేతి సలవే," అంది. అందరూ నవ్వారు. తరవాత తనే మా బుజ్జి చెయ్యి పట్టుకుని, అందరికంటే ముందు జారుడుబండ ఎక్కించింది.

ఇప్పుడు మధ్యాహ్నం పూట అక్కడి ఉయ్యాలలో నేనూ కాసేపు ఊగుతాను. కాళ్లు లేపితే షిప్పు అందినట్టే ఉంటుంది. ఆ షిప్పు మీద, ఆ సముద్రం మీద ఒట్టు. గ్రాంటు ఇచ్చేవాళ్లు వస్తున్నారంటే ఈ జన్మలో చీపురు ముట్టను. చాలకపోతే పైడమ్మనడిగి నాలుగు బుట్టల చెత్త అరువు తెచ్చుకుంటాను.