అడగకుండా వదిలేసిన పరీక్ష

మెల్లయ్య అన్నది ఆఫీసువాళ్లు పెట్టిన పేరు. మాట మెల్లగా, నడక మెల్లగా, టీ తాగడం మరీ మెల్లగా. కెర్నెల్ అంటే యంత్రం లోపల కూర్చుని ప్రోగ్రాములన్నిటికీ పనులు పంచే పెత్తందారు. దానికి పరీక్షలు రాయడం ఆయన ఉద్యోగం. కొత్తగా రాసిన ప్రతి పరీక్షా పాత కెర్నెళ్ల మీద కూడా నడిచి తీరాలని ఆయన పట్టు.

అందుకోసమే కిటికీ పక్కన ఒక పాత మెషీను ఉండేది. దాని మూత ఎప్పుడో పోయింది. పొద్దుటి ఎండ లోపలి ఫ్యాను మీద పడితే గోడ మీద నీడలు నీళ్లలా కదిలేవి. వంతెనల కింద ఏటి మట్టం కొలిచే పెట్టెల్లో ఉన్నదీ ఆ మెషీన్లోని పాత కెర్నెలే. బ్యాటరీ ఆదా కోసం అవి పావుగంట నిద్రపోయి, లేచి, నీళ్లను చూసి, మళ్లీ పడుకుంటాయి. ఆ గోడను చూస్తూ మెల్లయ్య కూడా వంతెనల కిందికి వెళ్లిపోయేవారు. రెండోసారి పిలిస్తేగాని తిరిగొచ్చేవారు కాదు.

ఒక బుధవారం టీమ్ లీడు వచ్చింది. ఆయన దగ్గరే పని నేర్చుకున్న పిల్ల.

"బాబాయ్, శుక్రవారం ఆ ముసలిదాన్ని పంపించేస్తున్నాం. రెండేళ్లుగా ఒక్క ఫెయిలు లేదు. ఇంకా ఎందుకు దాని ప్రాణం తీస్తారు?"

"ఆ పెట్టెలకి మనం మార్పులు పంపుతూనే ఉన్నాం కదా, తల్లీ."

"ఉంచడానికి ఒక్క కారణం చూపించండి. మీ ఇద్దరి స్నేహం కాకుండా."

ఆమె వెళ్లాక ఆయన ఫలితాలు తెరిచారు. పైపేజీ అంతా పాసైనట్టు పచ్చగానే ఉంది. లోపల, పెట్టెను నిద్రలేపే పరీక్ష ఎదురుగా, రెండేళ్లుగా రోజూ ఒకటే మాట: 'వదిలేశాం'. వదిలేసినదీ పచ్చగానే కనబడుతుంది మరి. కెర్నెల్ నంబరు చిన్నదైతే, అంటే పాతదైతే, ఈ నిద్రలేపే పని దానికి రాదు, వదిలెయ్ అని ఎవరో షరతు రాశారు. ఆ పాత కెర్నెల్‌కి ఈ పని తర్వాత నేర్పారు, నంబరు మాత్రం మార్చలేదు. ఎవరు రాశారా అని చూస్తే తన పేరే. చెప్పకపోతే మెషీను పోతుంది. చెబితే ముప్పయ్యేళ్ల పేరు పోతుంది.

ఇంట్లో బట్టలు మడతపెడుతున్న భార్యకు చెప్పారు.

"అడక్కుండానే రాదనుకున్నారా? నాకు సైకిలు రాదనుకున్నట్టు?"

"అది ఎప్పటి మాట?"

"ఆరేళ్లు వెనక సీటు మీద మోసుకు తిరిగారు. నాకేం, హాయిగా కూర్చున్నా."

మర్నాడు పొద్దున్నే ఆయన షరతు మార్చారు. నంబరు చూడొద్దు. ముందు కెర్నెల్‌నే అడుగు, తెలియదంటేనే వదిలెయ్. పరీక్ష నడిచింది. మెషీను పడుకుంది. గోడ మీద నీళ్లు ఆగాయి. లేవాల్సిన వేళ దాటి తొమ్మిది సెకన్లయ్యాక లేచింది. తెర మీద ఎర్రగీత పడింది.

"ఫెయిలైంది," అన్నారు మెల్లయ్య, మనవడు పుట్టాడన్నంత మురిపెంగా.

లీడు కుర్చీ లాక్కుంది. "ఇన్నాళ్లూ ఎందుకు వదిలేసింది? ఆ షరతు ఎవరు రాశారు?"

"నేనే. ముందు పెట్టెలకి పంపే కొత్త మార్పు ఆపు."

ఆమె ఫోను చేసి ఆపించింది. తిరిగొచ్చేసరికి ఆయన దిద్దుబాటు కింద రెండు వాక్యాలు రాసి పెట్టారు: ఈ తప్పు నాది. నంబరు చూశాను, అడగలేదు.

"రెండోది చాలు బాబాయ్, మొదటిది తీసేయండి."

"ఉండనీ. తర్వాత వచ్చేవాళ్లకి ఎవర్ని తిట్టాలో తెలియాలిగా."