చెంబుడు నీళ్లకు తేలిన మొగం

నిన్న కారులో ఆళ్లగడ్డ దాటుతాంటే రాతిపొడి వాసన కొట్టింది. పక్కనున్న మా నంద్యాల స్నేహితుడు గబుక్కున అద్దం ఎత్తేసినాడు. "చిన్నప్పుడు ఈడ విగ్రహాలు చెక్కేది గంటలు గంటలు నిలబడి చూస్తాంటిమి. వయసొచ్చినాక ఆ ముచ్చట యాడుంటాదిలే" అన్నాడు. నాకు ఒళ్లు మండింది.

వయసా? 1970ల్లో ఈడ విగ్రహాలు చెక్కే ముసలాయన మన వయసోళ్లకు గుర్తుండే ఉంటాడు. తెల్లటి దుమ్ము కప్పేసిన రాతి మీద చెంబుడు నీళ్లు పోసేవాడు. నల్లగా, తళతళా అమ్మవారి మొగం బయటపడేది. మనకంటే ముందు ఆయనే "అబ్బా! సూడండప్పా, ఎట్ల నవ్వుతాందో!" అని అరిచేవాడు. అరవై దాటిన మనిషి. చెక్కింది కూడా ఆయనే!

వయసు మీదికి నెట్టొద్దప్పా. అద్దం ఎత్తింది నువ్వు.