అవ్వ వాకిట్లో మిల్లు టవాలు

మా పక్కింటి అవ్వ పోయిందన్న కబురు ఆదోని నుంచి తిరిగొచ్చే బస్సులో తెలిసింది. ఎమ్మిగనూరులో దిగేసరికి మిల్లులో మూతికి కట్టుకునే టవాలు ఇంకా మెడలోనే ఉంది. ఏడవడానికి కూడా నాకు ఓపిక లేకపోయింది. మీతో చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది కానీ, అదే నిజం.

నేను ఆదోని పత్తిమిల్లులో పని చేస్తాను. రెండేళ్ల కిందట నాకొక పీడ పట్టుకుంది. జలుబు లేదు, ముక్కు బయటికి కారదు. ముక్కు వెనక నుంచి చీమిడి గొంతులోకి జారుతూనే ఉండేది. పొద్దస్తమానం ఖాండ్రించడమే. పడుకుంటే మరీ ఎక్కువ. నిద్ర చాలక మిషను దగ్గర తూలుతుంటే, మేస్త్రీ రేపటి నుంచి రావద్దంటాడేమోనని రోజూ భయం. ఆ పని పోతే పిల్లలను బడి మాన్పించి, ఏటా కూలికి ఊళ్లు పట్టి పోయే కోసిగి జనంతో కలిసి వలస పోవాల్సిందే.

అవ్వ బతుకంతా మగ్గం మీదే గడిచింది. నూలుకు పెట్టే గంజి కాచే పెద్ద గిన్నెలోనే నీళ్లు మరిగించి, దించి, దుప్పటి కప్పి నాకు ఆవిరి పట్టించేది. గోరువెచ్చటి ఉప్పునీళ్లు ఇచ్చి, నడుం మీద చేయి వేసుకుని ఎదురుగా నిలబడేది. నేను దొంగ పుక్కిళ్లు వేస్తానని ఆమెకు అనుమానం. నిజంగానే వేసేదాన్ని.

"తల ఎత్తుగా పెట్టుకోని పండుకో పాపా. పదైదు దినాలు సూడు. తగ్గకుంటే డాక్టరు దగ్గరికి పోదాం, నేనూ వస్తా" అనింది.

ఆవిరి పట్టిన పూట హాయిగా ఉండేది. తెల్లారితే మళ్లీ మామూలే. విసుగెత్తి ఒకరోజు అవ్వనే కసురుకున్నాను. మర్నాడు పొద్దున మా ఇంటికొచ్చి నేను పడుకునే పక్క చూసింది. రెండో దిండు లేక, ఎత్తు కోసం ఉన్న దిండు మీద మిల్లు టవాలునే మడిచి వేసుకున్నాను. అవ్వ దాన్ని ఎండలోకి తెచ్చి దులిపితే దూది నూగు పొగలా లేచింది.

"మిల్లునంతా తలకింద పెట్టుకోని పండుకుంటాండావు. ఇంగ నా ఆవిరి యాడ పనిచేస్తాది?"

ఆ రోజే తన పాత చీరలతో నాకొక దిండు కుట్టింది. టవాలును మాత్రం మా గడప దాటనివ్వలేదు. బస్సు దిగి రాగానే తన వాకిట్లో తీగ మీద వేయాలి. ఆమె ఉతికి ఆరేస్తే పొద్దున తీసుకుపోవాలి.

"నేను ఉతుక్కుంటాలే అవ్వా."

"నువ్వు ఉతకవు. నాకు తెల్దా?"

నెల తిరిగేసరికి గొంతు తేలికపడింది. పూర్తిగా పోలేదు గానీ నిద్ర పట్టింది, పని పోకుండా నిలిచింది. పిల్లలు ఈ ఊరి బడికే పోతున్నారు. అదంతా అవ్వ చలవే. ఆ మాట ఆమెతో ఒక్కసారీ అనలేదు.

అవ్వ దినాలు అయ్యాక మళ్లీ మిల్లుకు పోయాను. నిన్న సాయంత్రం ఒళ్లు హూనమై బస్సు దిగి, అలవాటుగా ఆమె వాకిట్లో టవాలు వేసి, ఇంటికొచ్చి పడుకున్నాను. ఈ పొద్దున తీసుకోబోతే, తాళం వేసిన తలుపు ముందు తీగ మీద అది వేసినట్టే ఉంది. నూగు కూడా అట్లే ఉంది.