రెండు కిటికీల కొలత

అద్దాలక్క అంటే ఆ బజారులో తెలియనివాళ్లు లేరు. ఇరవై ఏళ్లుగా ఇళ్లకూ కొట్లకూ అద్దాలు కోసి బిగిస్తున్న మనిషి. 'ఆడమనిషి బిగించిన అద్దం నిలుస్తుందా?' అని మూతి విరిచిన పెద్దమనుషుల ఇళ్లల్లోనూ ఇవాళ ఆమె బిగించినవే ఉన్నాయి. ఒక్కటీ ఊడలేదు. ఆ సంగతి అడిగినా చెబుతుంది, అడక్కపోయినా చెబుతుంది. చెప్పుకోవద్దూ మరి!

ఆమెకు లేనిదల్లా ఓపికే. కోపం ముక్కు మీదే ఉంటుంది. పద్నాలుగేళ్ల కూతురికి అచ్చం అదే వచ్చింది.

ఆ సాయంత్రం పక్కవీధి లెక్కల మాస్టారు కొట్టుకు వచ్చారు. "వెనక గది కిటికీ మీదికి ఎవడో రాయి విసిరాడమ్మా. అద్దం భళ్లుమంది. దొరకాలి గానీ, వాడి తోలు తీసేస్తాను!" అన్నారు. మూలన కూర్చుని హోంవర్కు చేస్తూ అంతదాకా వాగుతున్న కూతురు నోరు కుట్టేసినట్టు ఆగిపోయింది. తల్లికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

"కొలతకు మనిషిని పంపిస్తాను, మీరు పదండి మాస్టారూ," అంది. ఆయన మలుపు తిరిగేదాకా ఆగి, "నువ్వేనా?" అని అడిగింది.

"మా బంతి ఇవ్వనన్నారు. కోపమొచ్చింది."

అద్దాలక్క చెయ్యి లేచింది. అంతలోనే దించేసింది. ఇప్పుడు కొడితే పిల్ల కాసేపు ఏడ్చి, అక్కడికి చెల్లుకు చెల్లు అనుకుంటుంది. టేపూ పెన్సిలూ తీసి దాని చేతిలో పెట్టింది.

"వెళ్లి కొలత తీసుకురా. చెప్పాల్సింది కూడా నువ్వే చెప్పు. నేను రాను."

"తిడతారమ్మా."

"తిట్టించుకో."

పిల్ల వెళ్లాక అద్దాలక్క కాలుగాలిన పిల్లిలా కొట్టంతా తిరిగింది. ఆయన ఎవడో మగపిల్లాడనుకుంటున్నారు. ఇది గుట్టు చప్పుడు కాకుండా కొలత తీసుకుని వచ్చేస్తే అడిగేదెవరు? తన కూతురు అలా తప్పించుకునే రకమైతే? ఆ ఆలోచన రాగానే గుమ్మం దాకా వెళ్లి వీధిలోకి చూసింది.

గంటకి పిల్ల వచ్చింది. ముఖం కందిపోయి, కళ్లు ఉబ్బి ఉన్నాయి. కాగితం బల్ల మీద పెట్టింది. చట్రం కొలతకు రెండేసి మిల్లీమీటర్లు తగ్గించి రాసింది. అద్దం బిగుసుకుని పగలకుండా అద్దాలక్క వదిలే సందు అది. ఎప్పుడు చూసి నేర్చుకుందో! అయితే కాగితం మీద రెండు కిటికీలున్నాయి.

"ఈ రెండోదేంటే?"

"వంటింటిది. పోయిన నెల పగిలింది. గాలికి కొట్టుకుని పగిలిందనుకుని ఆయన అట్ట పెట్టుకున్నారు. అదీ నేనే. చెప్పేశాను."

"ఆయన అడక్కుండానే?"

"ఊఁ."

"ఏమన్నారు?"

"మొదటిదానికి చెడామడా తిట్టారు. రెండోది చెప్పాక తిట్టలేదమ్మా. వచ్చి టేపు రెండో కొస పట్టుకున్నారు."

 ఇరవై ఏళ్లలో ఎన్ని మేడలకు అద్దాలు బిగించినా అద్దాలక్కకు ఇంత గర్వం ఏనాడూ కలగలేదు. ఆ మాట పైకి అంటే పిల్ల నెత్తికెక్కి కూర్చుంటుందని నోరు బిగబట్టుకుంది. కొత్త అద్దాన్ని దించి బల్ల మీద పరిచి, కట్టరు తెచ్చి దాని చేతికిచ్చింది.

"రెండూ నువ్వే కొయ్యాలి. రేపు బిగించేదీ నువ్వే. వంకర పోయిందో, మళ్లీ కోయిస్తా!"

పిల్ల ముక్కు తుడుచుకుని బల్ల మీదికి వంగింది. అద్దాలక్క కదలకుండా నిలబడి, కూతుర్ని కళ్లారా చూసుకుంది.