గింజ అడిగితే లేదనని మా మరిది

కార్తీక బహుళ తదియ, మంగళవారం. మా మరిది పోయి ఇంకా వారం కాలేదు. విడవలూరులో బస్సులు ఆగే చోట టీ అంగట్లో, ముక్కూ ముఖం తెలియని ఎవరికో గుమ్మడి గింజలు పొట్లం కట్టి ఇచ్చి, కుర్చీలోనే తల వాల్చేశాడు. కబురు తెచ్చిన మనిషి ఏడుస్తూ, "చివరి ఊపిరి దాకా ఇస్తానే ఉన్నాడమ్మా" అన్నాడు. నాకు ఏడుపుకంటే ముందు కోపం వచ్చింది. ఆ పొట్లం ఏమైందని అడిగాను. పుచ్చుకున్నవాడు పట్టుకుని బస్సెక్కేశాడట.

ఉత్తరక్రియల కార్డుతో పాటు అచ్చువేసి పంచడానికి రెండు మంచి మాటలు రాసిమ్మని మా మరిది కొడుకు అడిగాడు. ఇంటికి పెద్దదాన్ని, నాలుగు ముక్కలు చదువుకున్నదాన్ని కనుక నన్నే అడిగాడు. ఆ రోజు భోజనం చేసి వెళ్ళే ప్రతివాళ్ళ చేతిలో వాళ్ళ నాయన పండించిన పెద్ద గుమ్మడి గింజలు పెట్టాలని కూడా వాడు తలపెట్టాడు. ఆ గింజల్లో తెగులుంది. అందుకే ఈ కాగితంలో మంచి మాటలకు చోటు తక్కువ.

ఊళ్ళో అప్పుడే ఫ్లెక్సీ కట్టారు. మా మరిది తన ఒడ్డూ పొడుగూ మించిన గుమ్మడికాయను కౌగిలించుకుని నవ్వుతున్న ఫొటో, కింద ‘గుమ్మడి రారాజు’ అన్న అక్షరాలు, చుట్టూ అభిమానుల ముఖాలు. ఆ ముఖాల్లో ఒక్కటి కూడా ఎన్నడూ ఆ పాదుకు చెంబెడు నీళ్ళు పోసినది కాదు. ఇప్పుడు దానకర్ణుడంటున్నారు. కర్ణుడు తన ఒంటి మీదిది కోసి ఇచ్చాడు. మా మరిది పక్కవాడి పంటను పణంగా పెట్టి ఇచ్చాడు. ఈ తేడా తెలియనివాళ్ళు పురాణాల జోలికి పోకపోవడం మంచిది.

ఆ గింజలు మొదట పోస్టులో వచ్చాయి. ఫోనులో వింతకాయల గుంపు ఒకటుంది. ఎక్కడెక్కడివాళ్ళో కాయల ఫొటోలు చూపించుకుని గింజలు పంపుకుంటారు. ఎవరు పంపారని అడిగితే మా మరిదికి పేరు తెలియదు, ఊరు తెలియదు.

"మనసున్నోడు వదినా" అన్నాడు.

"ఆ మనసున్నవాడి తోటలో ఆకులెట్లా ఉన్నాయో అడిగావా?"

"ఊరికే ఇచ్చినోడిని ఆకులు చూపించమంటే బాగుంటాదా?"

అతని మర్యాద అలాంటిది. మా వైపు ఇళ్ళలో కూరగాయ విత్తనం అమ్మరు, అడిగితే లేదనరు. గింజల్ని బూడిదలో పొర్లించి, పేడముద్దలో అద్ది, ఆ ముద్దను గోడకు కొట్టి ఎండబెడతారు. పురుగు పట్టదు. అంతవరకు నిజమే. ఎండిన పేడ పురుగును ఆపుతుంది కాని, గింజ లోపల కూర్చున్న తెగులును ఆపదు. ఈ రెండో మాట ఎవరి చెవికీ ఎక్కదు. పేడ తగిలితే సర్వరోగాలూ పోయాయనే లెక్క.

ఆ ఏడు కాసిన కాయను దొడ్లోంచి బయటికి తేవడానికి గోనెపట్టా పరిచి నలుగురు పట్టారు. చూడడానికి జువ్వలదిన్నె నుంచి కూడా మనుషులొచ్చారు. కాయ ఒళ్ళంతా బొడిపెలు. తీగ ఆకులు పచ్చా పసుపూ మచ్చలు పడి, అంచులు లోపలికి ముడుచుకున్నాయి. "అది జాతి లక్షణం" అని ఒక రిటైర్డు మాస్టారు తేల్చేశాడు. అందరూ తలలూపారు. రోగానికి దండ వేసి పక్కన నిలబడి ఫొటో దిగిన ఊరు మాదొక్కటే అనుకుంటాను.

నేను వ్యవసాయశాఖ అమ్మాయిని పిలిపించి ఆకు చూపించాను. "వైరస్ తెగులమ్మా. గింజలో కూడా పోతుంది. అన్ని గింజల్లో ఉండదు, దేంట్లో ఉందో పైకి చూస్తే తెలీదు. తెగులున్న మొక్క ఒక్కటి మొలిచినా పేనుబంక పురుగు దాన్ని పక్క తోటలకు మోసేస్తుంది" అంది. మందేమిటని అడిగాను. పీకి కాల్చడమే మందంది. ఆ మాట మా మరిదికి చెప్పేసరికి గింజలు ఊరంతా పోయాయి. మరుసటేడు దోసపాదులు ముడుచుకున్నాయి, బీరతీగలు గిడసబారాయి. ఉప్పుగాలి అన్నారు, దిష్టి అన్నారు. గింజల మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. ఉచితంగా పుచ్చుకున్న నోరు పెగలదు.

మా పొలం పక్క ఇసుక నేల కౌలుకు తీసుకుని పుచ్చ వేసే రైతుకు ఆ ఏడు పంట మొత్తం పోయింది. మా మరిదిని రెక్క పట్టుకుని ఆ పొలానికి తీసుకుపోయాను.

"చూడు అబ్బాయ్, నీ దానం ఎంత దూరం పాకిందో."

కౌలురైతు అడ్డం వచ్చాడు. "అన్ననేం అనబాకమ్మా. నాకూ ఇచ్చినాడు. గట్టు మీద పెట్టుకునింది నేనే గదా."

"నువ్వుండు. మీరంతా ఇట్లా వెనకేసుకు రాబట్టే ఇతనికి బుద్ధి రాలేదు."

మా మరిది ముడుచుకున్న ఆకొకటి తుంచి, అరచేతిలో పెట్టుకుని, బొటనవేలితో సాపు చేయబోయాడు. అది సాపు కాలేదు. చొక్కా జేబులో వేసుకుని ఇంటికి వచ్చేశాడు. ఇక మానేస్తాడనుకున్నాను. మర్నాడు మళ్ళీ టీ అంగట్లో పొట్లాలు కడుతున్నాడు.

"సిగ్గుందా నీకు?" అన్నాను.

"ఉండాది వదినా."

"మరి?"

"ఈ వయసులో నన్ను ఎవురేమడగతారు? సలహా అడగరు, సాయం అడగరు. గింజలే గదా అడిగేది. అదీ లేదంటే నేనెవురిని?"

నలుగురి చేత అడిగించుకోవడం అతనికి సారా లాంటిది. సారా తాగేవాడికంటే పోసేవాడంటే నాకు ఎక్కువ అసహ్యం. ఇంటి ముందు నిలబడి "పెద్దాయనా, నీ చేతి గింజ" అంటూ పొగిడి పట్టుకుపోయిన మీరంతా పోసినవాళ్ళే.

న్యాయంగా ఒక మాట అతని వైపు కూడా రాయాలి. మా ఆయన పోయినప్పుడు పొలం ఎవరి చేతికివ్వాలని మగవాళ్ళంతా చేరి నా ఎదుటే మాట్లాడుకున్నారు. నేనొకదాన్ని ఉన్నానని ఎవరికీ గుర్తు లేదు. మా మరిది లేచి, "వదినకు మనందరికంటే బాగా తెలుసు. ఆమె చేతిలోనే ఉండనీండి" అని తువాలు దులిపి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. దానితో మాట ముగిసింది. ఈ పొలం నాకు నిలిచింది ఆ ఒక్క మాట వల్ల. అతను మళ్ళీ ఎన్నడూ దాన్ని ఎత్తలేదు. రోజూ పొద్దున్నే ఒక లేత సొరకాయో, గుప్పెడు దొండకాయలో నా గుమ్మంలో పెట్టి, "వదినా, తిట్టేదుంటే తొందరగా తిట్టు, అంగట్లో టీ చల్లారిపోతాది" అని కేకేసేవాడు. ఈ వారమంతా నాకు తిట్టడానికి మనిషి లేడు.

నిన్న కొడుకు పొట్లాలు తెచ్చి చూపించాడు, వాళ్ళ నాయన ఫొటో అంటించిన చిన్న కవర్లు.

"ముత్యాల మాదిరి ఉండాయి చూడు పెద్దమ్మా."

"ముత్యాలు మొలవవురా. ఇవి మొలుస్తాయి."

"నాయన చేత్తో పేడలో పెట్టినవి గదా."

"అందుకే వద్దంటున్నా."

"అడిగినోళ్ళకు లేవంటే నాయన పరువు పోదా?"

పరువట! తండ్రి జబ్బు కొడుక్కి దిగింది. కౌలురైతు వచ్చే నెలలో మళ్ళీ పుచ్చ నాటుతున్నాడు. "ఈసారీ పోతే కౌలు వదిలేసి నెల్లూరుకు పోయి ఆటో తోలుకుంటానమ్మా" అని నాతో అన్నాడు. ఒక సంసారం ఊళ్ళో ఉండడమా, వలసపోవడమా అన్నది ఆ కవర్ల మీద ఉంది. అదే చెప్పాను. వాడు తల వంచుకున్నాడు కాని, కవర్లు వదల్లేదు. నేనే లాక్కున్నాను.

ఇక జరగవలసినవి రాస్తున్నాను. వీటిలో ఒక్క మాట తీసి అచ్చువేసినా ఒప్పుకోను.

1. ఉత్తరక్రియల రోజు ఎవరికీ గింజలు ఇవ్వరు. భోజనం పెడతారు. తిని వెళ్ళండి. గింజలు అడగనూ వద్దు.

2. ఇదివరకు తీసుకున్నవి డబ్బాల్లోనో గోడ మీది ముద్దల్లోనో ఉంటే పొయ్యిలో వేయండి. పెంటకుప్పలో వేస్తే అక్కడే మొలుస్తాయి.

3. ఇప్పటికే వేసినవాళ్ళు, ఆకు ముడుచుకున్న తీగ కనబడితే వేరుతో సహా పీకి కాల్చండి. కాలువలో విసిరేసి చేతులు దులుపుకోవద్దు.

4. బస్సెక్కి పోయిన ఆ మనిషెవరో తెలిసినవాళ్ళు ఈ కాగితం అతనికి చేర్చండి.

5. దొడ్లో చివరి కాయ ఒకటుంది. కండ తింటే మనిషికేమీ కాదు, ఆ రోజు కూర దానితోనే. నిండు గుమ్మడికాయకు ఆడవాళ్ళు మొదటి కత్తి పెట్టకూడదని మన ఇళ్ళలో పట్టింపు. మగవాళ్ళకిస్తే ఏదో ఒక చెయ్యి నాలుగు గింజలు జేబులో వేసుకుంటుంది కనుక ఈసారి కత్తి నేనే పెడతాను. గింజలన్నీ గీకి కట్టెలపొయ్యిలో వేసి పక్కనే కూర్చుంటాను. పచ్చి గింజ వెంటనే అంటుకోదు. ముందు నురగ కక్కుతుంది, తెల్లగా ఉబ్బుతుంది, చాలాసేపు అలాగే ఉండి, ఆ తర్వాత ఒక్కొక్కటే చిట్లుతుంది.