లుక్మీ గొంతులో లేని ఎముక

ఆ రోజుల్లో ‘నాకు తెలియదు’ అనే మాట నాకు నోరు తిరిగేది కాదు. కొత్త ఉద్యోగం, సైనిక్‌పురిలో మేడమీద ఒక గది, సొంతంగా పెంచుకుంటున్న ఒక కుక్క. ఇన్ని సంపాదించుకున్నవాడికి తెలియనిదేముంటుందని నా ధీమా. అందుకే ఈ కథలో తప్పు నాదేనని ముందే ఒప్పేసుకుంటాను, తర్వాత నవ్వేవాళ్లు నిశ్చింతగా నవ్వుకోవచ్చు. ఆ ఆదివారం ఉదయం ఖంగుఖంగుమని దగ్గుతున్న నా కుక్కను కాలనీలోని కుక్కలన్నిటి దగ్గరికీ స్వయంగా నేనే నడిపించుకు వెళ్లాను. ఎవరికీ చెడు చేద్దామని కాదు, సలహా కోసం.

కుక్క పేరు లుక్మీ. (చిలకలగూడలో ఒక ఇరానీ హోటల్ ముందు ఇది నా వెంటపడిన రోజున నా చేతిలో ఉన్న తినుబండారం పేరే దానికి పెట్టాను. ఆ తినుబండారం కూడా చివరికి దానికే పోయింది.) అంతకుముందు వారమే స్నేహితుడి పెళ్లికి రాజమండ్రి వెళుతూ, కుక్కల్ని చూసుకునే ఒకచోట దాన్ని వదిలి వచ్చాను. తిరిగొచ్చాక హుషారుగానే ఉంది. ఆ ఆదివారం నిద్రలేస్తూనే మెడ చాచి, బాతు అరిచినట్టు దగ్గి, చివర్లో ఓక్‌మని కాస్త తెల్లటి నురుగు కక్కింది. అచ్చం గొంతులో ఏదో అడ్డంపడినట్టే ఉంది. ముందురోజు మటన్ ఎముకలు పెట్టాను కాబట్టి రోగమేమిటో క్షణంలో తేల్చేశాను. వైద్యానికి మా అమ్మకు ఫోన్ చేశాను. మాది గోదావరి పక్క, గొంతులో గుచ్చుకున్న వాటి విషయంలో మా ఇంట్లో అందరూ డాక్టర్లే.

“చేప ముల్లు గుచ్చుకుంటే నీకేం చేసేదాన్నిరా? ఒట్టి అన్నం ముద్ద చేసి నమలకుండా మింగించు, అదే దిగిపోద్ది” అంది అమ్మ.

నేను ముద్ద చేసి పెట్టాను. లుక్మీ నమలకుండానే మింగింది (అది పుట్టాక దేన్నైనా నమిలిందని నేను చెప్పలేను), దగ్గింది, తోక ఊపుతూ రెండో ముద్ద కోసం చూసింది. ఇంత సహకరించే రోగిని ఎక్కడా చూడలేదని మురిసిపోయాను. గిన్నె ఖాళీ అయింది గానీ దగ్గు ఆగలేదు. అప్పుడిక పెద్దల్ని అడుగుదామని పార్కుకు బయలుదేరాను.

మా పార్కులో పొద్దున్నే కుక్కలున్నవాళ్లందరూ చేరేవారు. కుళాయి కింద ఒక స్టీలు బేసిన్ ఉండేది, కాలనీ కుక్కలన్నీ అందులోనే నీళ్లు తాగేవి. లుక్మీ ముందుగా అందులో మూతి పెట్టి ఆనక దగ్గింది. జనం మూగారు. ఒకాయన ఫోన్ టార్చి వేసి గొంతులోకి చూశాడు. పగ్‌ను పెంచుకునే ఆంటీ ఒకావిడ ధైర్యంగా నోట్లో వేలు పెట్టి వెతికి, ఏమీ తగలలేదని చెప్పి, అదే చేత్తో తన పగ్ బుగ్గ నిమిరింది. మా ఇంటి ఓనరు, ఫౌజులో సుబేదారుగా చేసి రిటైరైన మనిషి, కాలనీ అంతటికీ ఫౌజీ అంకుల్, తన ముసలి లాబ్రడార్ రాణితో వచ్చి మెడపట్టీ బిగుసుకుందేమో చూడమన్నాడు. ఆయన చూస్తుండగానే రాణి నెమ్మదిగా వచ్చి పాపం లుక్మీ మూతిని ఆప్యాయంగా నాకింది. కరోనా కాలంలో కిరాణా కొట్టు ముందు సున్నం గీసిన గుండ్రాల్లో బుద్ధిగా నిలబడి వచ్చిన మనుషులమే మేమంతా. ఒక్కరికీ ఆ గుండ్రాలు గుర్తు రాలేదు.

లుక్మీ తిండి మానలేదు, ఆటా మానలేదు. కాబట్టి డాక్టరు దగ్గరికి వచ్చే శనివారం వెళ్లొచ్చులే అనుకున్నాను. ఈలోగా ఒక పొద్దున పగ్ వాళ్లింట్లోంచి దగ్గు వినిపించింది. మర్నాడు ఎదురింట్లోంచి. ఆ తర్వాత కింద వాకిట్లో రాణి దగ్గింది. లుక్మీది బాతు అరుపు, రాణిది తడిగా, లోతుగా, అలసిపోయిన దగ్గు. నేను మెట్లు దిగి, అనుభవజ్ఞుడి గొంతుతో, మీరు కూడా ఎముకలు పెట్టారా అంకుల్ అని అడిగాను.

ఆయన నావైపు వింతగా చూశాడు. “పండ్లు లేని కుక్కకు బొక్కలెవరు పెడ్తరయ్యా? రెండేండ్ల సంది అది పెరుగన్నమే తింటుంది. నిన్నటి సంది అది సుత ముడ్తలేదు.”

రోజూ చూసే కుక్క నోట్లో పళ్లు లేవన్న సంగతి నాకప్పుడే తెలిసింది. దాంతోపాటు, లుక్మీ గొంతులో ఎముకా లేదన్న సంగతి కూడా.

ఆఫీసుకు సెలవు చెప్పి, ఆటోలో లుక్మీని తిరుమలగిరిలో ఉన్న పశువైద్యురాలి దగ్గరికి తీసుకెళ్లాను. ఆవిడ దాని గొంతు మీద మెల్లగా నొక్కగానే అది దగ్గింది. ఈమధ్య ఎక్కడైనా పది కుక్కల మధ్య వదిలారా అని అడిగింది. పెళ్లి సంగతి చెప్పాను. ఆ తర్వాత పార్కు సంగతి, గొంతు తగ్గించి చెప్పాను.

“ఇది అంటుకునే దగ్గండీ. దగ్గు తుంపర్లతో, మూతులు కలిస్తే, ఒకే గిన్నెలో తాగితే వచ్చేస్తుంది. సోకాక కొన్నాళ్లు ఏమీ తెలియదు. అందరూ ఇలాగే ఎముక అనుకుంటారు. మీది వయసులో ఉన్న కుక్క, రెస్టిస్తే తగ్గిపోతుంది. మెడకు పట్టీ వద్దు, ఛాతీకి కట్టేది వాడండి. మన దగ్గు సిరప్‌లు అస్సలు పోయొద్దు” అని, మందుల చీటీ రాస్తూ, “మరీ చిన్నవాటికీ ముసలివాటికీ ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. అలాంటిది ఏదైనా ఉందా అక్కడ?” అంది.

ఉంది. తిరిగొచ్చి మెట్లెక్కకుండా ఫౌజీ అంకుల్ గుమ్మం ముందే నిలబడ్డాను. రాణి చాప మీద పడుకుని పొట్ట ఎగరేస్తూ ఊపిరి తీస్తోంది. అంకుల్ భార్య, మా ఓనరు ఆంటీ, పక్కన కూర్చుని దాని చెవులు నిమురుతోంది. ఇదంతా నావల్లే జరిగిందని, దగ్గుతున్న కుక్కని నేనే అందరి మీదికీ తెచ్చానని, రాణిని వెంటనే డాక్టరుకు చూపించాలని గుక్కతిప్పుకోకుండా చెప్పాను. ఇల్లు ఖాళీ చేయమంటాడనుకున్నాను. ఆయన వంగి రాణి వీపు మీద చెయ్యి వేశాడు.

“తెల్వక చేసినవ్. గిప్పుడు తెల్సింది గద? పార్కు మందికి చెప్పినవా?”

ఇంకా లేదన్నాను.

“రాణిని నేను తీస్కపోత. నువ్వు పోయి ఒక్కొక్క ఇంటికి చెప్పు. కుక్కను ఎంబడి తీస్కపోకు జెర.”

ఆ సాయంత్రం గేటు గేటుకీ వెళ్లి నా మూర్ఖత్వాన్ని మొదటినుంచీ చెప్పుకొచ్చాను. అన్నం ముద్దల దగ్గర కొందరు నవ్వారు, కొందరు నేను కోరినట్టే తిట్టారు. పగ్ ఆంటీ మాత్రం, “నోట్లో వేలు పెట్టింది నేనే కద బాబూ, నిన్నేమని తిట్టాలె?” అని తలుపు వేసుకుంది. పార్కులో బేసిన్ బోర్లించి, కడిగి, ఇంటికి తెచ్చేశాను. పిల్ల కుక్కలవాళ్లు మాత్రం వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తారు. ఆ పరుగు చూశాకే నాకు కాస్త ఊపిరి ఆడింది.

రాణికి నిమోనియా అని తేలింది. సూదులు, మందులు, మూతికి పట్టే ఆవిరి మిషను. ఆ మిషను పట్టుకునే పని నేను అడిగి తీసుకున్నాను. పొద్దున ఆఫీసుకు ముందు, సాయంత్రం వచ్చాక, చొక్కా మార్చుకుని, చేతులు కడుక్కుని, వాళ్ల హాల్లో నేలమీద కూర్చునేవాణ్ని. రాణి నన్ను చూసి మొహం పక్కకు తిప్పుకునేది. (మా సెక్షన్ ఆఫీసరు కూడా నన్ను అలాగే చూసేవాడు, కానీ రాణి చూపే ఎక్కువ గుచ్చుకునేది.) అంకుల్ మాట్లాడేవాడు కాదు. ఆంటీ మాత్రం టీ ఇచ్చేది, ఆ టీ తాగడమే నాకు అన్నిటికన్నా కష్టంగా ఉండేది.

ఒక సాయంత్రం రాణి పొట్ట ఎగరడం తగ్గింది. కానీ గిన్నెలో పెరుగన్నం వైపు చూడనైనా లేదు. తినకుంటే ఎట్ల బతుకుతదని ఆంటీ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. నాకేం తోచిందో, ఆ పెరుగన్నాన్నే మెత్తగా పిసికి, చిన్న ముద్ద చేసి, అరచేతిలో దాని మూతి దగ్గర పెట్టాను. రాణి వాసన చూసింది. నన్ను చూసింది. తర్వాత నాలుకతో అందుకుని, నమలకుండా (నమలడానికి ఏముంది గనక) మింగింది. రెండో ముద్ద కోసం నా చెయ్యి వెతికింది.

“గదే పెట్టు తమ్మీ, గట్లనే పెట్టు” అన్నాడు అంకుల్, చాలా రోజుల తర్వాత. మా అమ్మ వైద్యం లుక్మీ దగ్గర ఓడిపోయి, చివరికి తనకు కావలసిన రోగిని చేరింది.

రాణి ఆ తర్వాత మరో రెండు వేసవులు చూసింది. నేను ఇప్పుడు ఏటేటా లుక్మీకి ముక్కులో వేసే టీకా తప్పకుండా వేయిస్తాను, దాని నీళ్ల గిన్నెను విడిగా సంచిలో మోస్తాను. కడిగి తెచ్చిన ఆ బేసిన్‌లో మాత్రం తులసి మొక్క వేశాను. మొన్న పార్కులో ఒక కుర్రాడు దగ్గుతున్న కుక్కతో మా వైపే వస్తుంటే, లుక్మీని దూరంగా కట్టేసి నేనొక్కణ్నే ఎదురెళ్లాను. “ఎముక అడ్డంపడినట్టుంది అంకుల్” అని నాతో అన్నాడు, ఎంతో నమ్మకంగా. ఆ నమ్మకాన్ని ఎక్కడో చూసినట్టనిపించి నవ్వొచ్చింది. నవ్వాపుకుని, కుక్కను అక్కడే కట్టేయమని చెప్పి, వాడి పక్కన బెంచీ మీద కూర్చుని, అన్నం ముద్దల దగ్గర్నుంచి కథ మొదలుపెట్టాను.